లారీ ఇరుసు మీద లచ్చవ్వ ఫిర్యాదు

మట్టెవాడ, వరంగల్
సర్వజిత్తు సంవత్సరం, పుష్య మాసం

షోలాపూర్‌లో ఉన్న తమ్ముడు వెంకటరాజానికి,

నిన్నూ మరదలినీ పిల్లలనూ దీవించి మీ అక్క లచ్చవ్వ చెప్పి రాయిస్తున్న సంగతులు. రాసే చెయ్యి నా కోడలు అనసూర్యది, మాట నాది. నేను మాట్లాడినట్టే రాస్తే మీ మిల్లులో చదివేవాళ్లు నవ్వుతారట, బడి భాషలో దిద్దుతానంది. దిద్దుకో, కానీ ఒక్క మాట తగ్గినా ఊరుకోనన్నాను. తన మొగుడి మీద ఫిర్యాదు కదా, దాని కలం వెనక్కే లాగుతుంది. అందుకే పక్కనే కూర్చున్నాను. అంతా చదివించుకున్నాకే వేలిముద్ర వేస్తాను.

ఫిర్యాదు ఏమిటంటే, నా కొడుకు సిద్దిరాములు నడుపుతున్న లారీ వాణ్ని చంపుతుంది. ముసలిదాని పిచ్చి భయం అని తీసిపారేయకు. పూర్తిగా విను.

వాడు యుద్ధంలో పటాలం మోటారు బళ్లు నడిపి వచ్చాడు. వచ్చినవాడు మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. పటాలం వాళ్లు వదిలించుకున్న బళ్లలో ఒక చిన్న లారీని సికింద్రాబాదు నుంచి తెచ్చాడు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే చోటు, వెనక పైకప్పు లేని తొట్టి. నూలు బేళ్లు, చీరల మూటలు వేసుకుని స్టేషన్ ఘన్‌పూర్ దాకా, ఒక్కోసారి జనగామ దాకా పోతాడు. నిరుడు దాని ఇంజను పగిలింది. అంత పెద్ద ఇంజను మళ్లీ దొరకలేదు. ఎవరిదో కారు మూలనపడి ఉంటే, ఆ కారు ఇంజను తెచ్చి ఇందులో బిగించాడు. ఇంజను చిన్నదయింది. వెనక ఇరుసు మాత్రం పాతదే ఉంచాడు. మొత్తం పీడ అక్కడుంది.

మొన్న నా మనుమరాలికి పుట్టువెంట్రుకలు తీయించడానికి అదే లారీలో పాలకుర్తి పోయాం. వెనక తొట్టిలో మేము ఆడవాళ్లం, పిల్లలు, పక్కింటి పర్శరాములు కుటుంబం. దేవుడి గుట్ట ఇంకా దూరముందనగా రోడ్డు మీద ఒక ఎక్కుడు వచ్చింది. సగం ఎక్కాక ఇంజను దగ్గింది. బండంతా వణికింది. ఆగిపోయింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పక్కనున్న మోదుగు చెట్లు ముందుకు నడవడం మొదలుపెట్టాయి. చెట్లు నడవడమేమిటి అనుకున్నాను. అప్పుడు తెలిసింది, మేము వెనక్కి పోతున్నామని. బ్రేకు పట్టింది, జారింది, మళ్లీ పట్టింది. పర్శరాములు దూకి, దొరికిన బండరాయి చక్రం వెనక తోశాడు. వెనక ఎంతో దూరం లేదు తమ్మీ, రోడ్డు తిరిగిపోయింది, కింద వాగు. పిల్ల నా ఒళ్లో నిద్రపోతూనే ఉంది.

గుట్ట చేరాక అందరూ కొబ్బరికాయలు కొట్టి నవ్వుకున్నారు. పర్శరాములు పెళ్లాం ఆ చెట్లు నడిచిన సంగతి నటించి చూపించింది కూడా. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి వాడు లారీ తీసిన ప్రతిసారీ ఆ మోదుగు చెట్లు నాకు మళ్లీ నడుస్తాయి.

ఊరికే భయపడి కూర్చోలేదు. హన్మకొండ రోడ్డులో యాదగిరి అని, మనవాడి దోస్తుది, మోటార్లు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కడికి నడిచిపోయి అడిగాను.

"ఇంజన్ చిన్నగైంది పెద్దవ్వా. ఇరుసేమో పెద్ద ఇంజన్‌కు చేసింది. జోడు కుదర్లే," అన్నాడు.

అర్థమయ్యేలా చెప్పమని కదలకుండా కూర్చున్నాను. వెనక ఇరుసు నడుమ కుండలాంటి ఉబ్బు ఉంటుంది కదా, దాని లోపల పళ్ల చక్రాలు రెండున్నాయట. చిన్నదాన్ని ఇంజను తిప్పుతుంది, చిన్నది పెద్దదాన్ని తిప్పుతుంది, పెద్దది బండి చక్రాలను తిప్పుతుంది. ఇప్పుడున్న జోడులో ఇంజను నాలుగు చుట్లు తిరిగితే బండి చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చదును రోడ్డు మీద అది మంచి పరుగు. బరువుతో ఎక్కుడు వస్తే ఈ చిన్న ఇంజనుకు ఊపిరి ఆడదు. దీనికి ఆరు చుట్లకు ఒక చుట్టు తిరిగే జోడు వేయాలట. అప్పుడు బండి నెమ్మది, కానీ ఎంత బరువైనా ఎక్కుతుంది, దిగేటప్పుడు కూడా ఇంజనే వెనక్కి పట్టి ఉంచుతుంది. నా వయసంతా కండెలు చుట్టే రాట్నం ముందే గడిచింది. పెద్ద చక్రం ఒకసారి తిప్పితే కదురు ఎన్నిసార్లు తిరుగుతుందో, దొడ్డు నూలుకు చెయ్యి ఎందుకు గుంజుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది దానికి తలకిందులు, అంతే.

అలాంటి జోడు యాదగిరి షెడ్డులోనే, విప్పి పడేసిన ఇంకో పటాలం లారీలో ఉంది. మరి ఎందుకు వేయలేదురా అంటే, "నీ కొడుకే వద్దన్నడు. మెల్లగ పోయే బండి నాకెందుకన్నడు," అన్నాడు.

ఇంటికొచ్చి కొడుకును నిలదీశాను. నీ రాట్నం నువ్వు చూసుకో, నా బండి నేను చూసుకుంటానన్నాడు. పాలకుర్తి ఎక్కుడు మీద ఏమైందిరా అంటే ఇంజను చల్లగా ఉండె అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో చల్లగా ఎట్లుంటదిరా అన్నాను. మొహం తిప్పుకుని లేచిపోయాడు. చిన్నప్పుడు కూడా వాడికి అబద్ధం సరిగా రాదు. పరుగు మీద మోజు తమ్మీ. పటాలంలో అంటిన జబ్బు.

తండ్రి లేడు. మేనమామవు నువ్వు. నీ మాటంటే వాడికి గౌరవం. ఇరుసు మార్చు, లేకుంటే లారీ వదిలించుకో అని గట్టిగా ఒక ఉత్తరం రాయి. అనసూర్య ఇక్కడ కలం ఆపింది. ఏమైందే అంటే వేలు నొప్పి అంటుంది. నొప్పి ఉంటే ఉండనీ, ఇదొక్క మాట రాసి ఆపమన్నాను: నేను బతికుండగా నా కొడుకును ఎక్కుడు మీద పోగొట్టుకోను.

ఇట్లు, మీ అక్క లచ్చవ్వ, వేలిముద్ర.


మట్టెవాడ
మాఘ అమావాస్య దాటిన నాలుగో రోజు

తమ్ముడికి,

నీ జవాబు అందింది. వాడు పటాలంలో నేర్చినవాడు, ఆడవాళ్లకు ఇంజన్ల గొడవ ఎందుకక్కా, నువ్వు రామనామం చేసుకో అని రాశావు. చదివించుకున్నాను. నీ రామనామం నువ్వే చేసుకో. నీ మీద కోపం చూపించడానికి ఇప్పుడు నాకు తీరిక లేదు. ఈ ఉత్తరం తపాలాలో వేయడం లేదు, మన కులంలో నమ్మకమైన మనిషి చేతికి ఇస్తున్నాను. చదివాక పొయ్యిలో పెట్టు.

నువ్వు కాదన్నాక నేనే చేశాను. సిద్దిరాములు పెట్రోలు రేషను చీటీ పని మీద రైల్లో హైదరాబాదు పోయాడు. అమావాస్య. మన వాడకట్టులో ఒక్క మగ్గం ఆడదు కదా ఆ రోజు, అందరూ అరుగుల మీద ఊరికే కూర్చుంటారు. నేను పొద్దున్నే పోయి యాదగిరి షెడ్డు గుమ్మంలో కూర్చున్నాను. రానన్నాడు. దోస్తును అడగకుండా వాడి బండి విప్పనన్నాడు. నేను లేవలేదు. వాడి గిరాకీ నన్ను దాటి లోపలికి పోలేక తిరిగిపోయింది. వాడి పెళ్లాం తెచ్చిన సద్ది కూడా నన్ను దాటి పోలేదు. మధ్యాహ్నానికి పానాలు సంచిలో వేసుకున్నాడు.

"వాడు నన్ను సంపుతడు పెద్దవ్వా."

"నా పేరు చెప్పు. నన్ను సంపినంక నీ దిక్కు వస్తడు."

మా ఇంటి ముందే లారీ వెనక భాగం మొద్దుల మీద లేపి, ఇరుసు విప్పి, ఆ ఉబ్బులోంచి పాత జోడు తీశాడు. వాడకట్టంతా చుట్టూ చేరి తలా ఒక సలహా ఇచ్చింది. అనసూర్య మాత్రం కొంగు బిగించి పక్కన కూర్చుంది. కొత్త జోడును కిరసనాయిలు గుడ్డతో పన్ను పన్నూ తుడిచి అందించింది. మొగుడికి చెప్పకుండా చేస్తున్నామని ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. నా కోడలు నా వైపే ఉందని పొంగిపోయాను. పొద్దు గూకకముందే పని అయింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

నిన్న వాడొచ్చాడు. వచ్చీ రాగానే లారీ తీశాడు. వీధి చివరికి పోయేసరికి ఇంజను మొత్తుకోవడం నాకు ఇక్కడికి వినపడింది. కొట్లాటకు తయారై నడుం బిగించి నిలబడ్డాను. వాడు లారీని అక్కడే వదిలి నడిచి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. గడప మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఎవ్వలు మార్చిన్రు?"

"నేనే. తిట్టేదుంటే తిట్టు."

తిట్టలేదు. తలుపు వేసి రమ్మని అనసూర్యకు సైగ చేశాడు. అప్పుడు చెప్పాడు తమ్మీ, గొంతు తగ్గించి, నేల మీద చూపు పెట్టి.

ఇక్కడి రోజులు నీకు తెలుసు. సర్కారు అండతో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ల పేరు నేను రాయించను. వాళ్లు వెతుకుతున్న మగవాళ్లు అడవి పట్టారు. దొరకనివాళ్ల పెళ్లాలను, పిల్లలను ఇళ్ల మీదికొచ్చి సతాయిస్తున్నారు. కొన్నాళ్లుగా నా కొడుకు నూలు బేళ్ల నడుమ ఖాళీ ఉంచి, అందులో అలాంటి ఆడవాళ్లను, పిల్లలను కూర్చోబెట్టి ఘన్‌పూర్ చేరుస్తున్నాడు. వరంగల్ స్టేషన్లో, కాజీపేటలో కాపలా ఉంది. ఘన్‌పూర్‌లో సాయంత్రం రైలెక్కితే ఎవరూ అడగరు. అక్కడి నుంచి కొందరు మీ షోలాపూర్‌కే వస్తున్నారు. మడికొండ దాటినాక రోడ్డుకు అడ్డం దుంగ పెట్టి బళ్లను ఆపే నాకా ఒకటి ఈ మధ్యే పెట్టారు.

"మొన్న మసకల పోతాంటె ఆపుమన్నరు," అన్నాడు. "దుంగ ఇంక అడ్డం పెట్టలే. ఆపలే నేను. దీపాలు బందు చేసి తొక్కిన. కారేసుకొని ఎంబడి వడ్డరు అవ్వా, చానా దూరం. ఆ పాత గేర్ ఉన్నందుకే దొరకలే. ఇప్పుడు తొక్కితె ఇంజన్ మొత్తుకుంటది గని బండి ఉరకది."

పరుగు మీద మోజు అనుకున్నానే. వాడికి ఎక్కుడు సంగతి తెలియక కాదు. ఎక్కుడు మీద ఆగడం ఒక చావు, చదును రోడ్డు మీద దొరకడం ఇంకో చావు. రెండూ చూసుకుని, ఒకటి ఎంచుకుని ఊరుకున్నాడు.

అప్పుడు నా చూపు అనసూర్య మీద పడింది. అది ఏడవడం లేదు. విస్తుపోవడమూ లేదు.

"నీకెరుకేనా?" అన్నాను.

"ఎరుకే అత్తమ్మా. చెప్పద్దని ఒట్టు వెట్టించుకున్నడు."

"ఎరుకైనదానివి ఆ చక్రాలెందుకు తుడిచినవ్?"

"బండి ఉరకకపోతె పోవుడు బందువెడ్తడనుకున్న."

సిద్దిరాములు దాని వైపు చూశాడు. ఆ చూపు నా కొడుకు కళ్లలో నేనెప్పుడూ చూడలేదు. మొదటి ఉత్తరం రాసేటప్పుడు వేలు నొప్పి అన్నది గుర్తుందా? అన్నీ తెలిసి నా మాటలు రాసింది. ఇప్పుడు ఇది కూడా అదే రాస్తున్నది. నేను దాన్ని తిట్టలేదు. ఏమని తిట్టాలి? నా భయమూ దాని భయమూ ఒకటే. దానికి ఎక్కువ తెలుసు, అంతే.

మళ్లీ పాత జోడు వేయించమన్నాను. యాదగిరి దాన్ని షెడ్డులో పెట్టి తాళం వేసి పెళ్లాంపిల్లలతో ఊరు విడిచిపోయాడు. వాడి వీధిలో ఆ తుపాకులవాళ్లు ఎవరినో కొట్టారట. తాళం పగలగొట్టినా ఆ పళ్లను ఒకదానికొకటి సరిగ్గా కూర్చోబెట్టడం తనకు రాదని, వెంట్రుకవాసి తప్పినా దారిలో విరుగుతాయని సిద్దిరాములు అంటున్నాడు. ఆగడానికి లేదు. శకుంతల అని ఒక బడిపంతులు భార్య, ఇద్దరు పిల్లలతో ఎవరి ఇంట్లోనో దాగి ఉంది. ఆ ఇంటివాళ్లు ఇంక ఉంచుకోలేమంటున్నారు.

రేపే ప్రయాణం. నెమ్మది బండి కాబట్టి రైలు అందాలంటే ఎండ ఉండగానే బయలుదేరాలి. మసకలో పరుగెత్తి దాటిన నాకాను వాడు పట్టపగలు, ఎడ్లబండిలా దాటాలి. నువ్వు ఏం రాసినా రేపటికి అందదు. జవాబు కోసం కూడా కాదు ఈ ఉత్తరం. ఎవరికైనా చెప్పకపోతే నా గుండె ఆగేలా ఉంది. ఎక్కుడు మీద కాపాడానని నిద్రపోయినదాన్ని, చదును మీద నా చేత్తోనే చంపుకుంటున్నానా తమ్మీ?

లచ్చవ్వ, వేలిముద్ర.


మట్టెవాడ
ఫాల్గుణ మాసం, హోళి ముందు

తమ్మీ,

వాడు బతికే ఉన్నాడు. దీవెనలకంటే ముందు అది రాయమన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం బేళ్లు ఎత్తారు. నడుమ బావిలాంటి ఖాళీ, అందులో శకుంతల, ఆమె కొడుకు, చంకపిల్ల. పైన చెక్క, చెక్క మీద చీరల మూటలు. వాడు ఇంజను తిప్పడానికి ముందుకు పోయినప్పుడు నేను ముందు సీటులో ఎక్కి కూర్చున్నాను.

"దిగవ్వా," అన్నాడు.

"దిగ."

"ఇది పాలకుర్తి పోవుడు కాదవ్వా."

"పాలకుర్తైతె రాకపోదును. ఒకసారి పోయి చూసిన గద నీ తోలుడు."

వాడు అనసూర్య వైపు చూశాడు. అది పిల్లను ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఇంక వాదించడానికి పొద్దు లేదు, బయలుదేరాం.

ఆ ప్రయాణం నీకెలా చెప్పను. ఇంజను చెవులు పగిలేలా అరుస్తుంది, పక్కన సైకిలు వాడు మమ్మల్ని దాటిపోతాడు. మడికొండ దగ్గర ఎక్కుడు వచ్చింది. నేను సీటు అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. బండి దగ్గలేదు. మనుషుల బరువు, బేళ్ల బరువు, అన్నీ మోసుకుని మెల్లగా, ఆగకుండా ఎక్కింది. "ఎక్కిందవ్వా," అన్నాడు నా కొడుకు. ఇంకో రోజైతే ఆ మాటకు పండగ చేసుకునేదాన్ని.

ఎక్కుడు దిగి మలుపు తిరగగానే నాకా. దుంగ అడ్డం పెట్టి ఉంది. నలుగురు, తుపాకులు, పక్కన నల్ల కారు. వాళ్లలో ఖాకీ అంగీ వేసుకున్న లావుపాటి మనిషి చెయ్యెత్తాడు. ఎక్కడికని అడిగాడు. ఘన్‌పూర్, నూలు అన్నాడు సిద్దిరాములు. ముసలిదాన్ని ఎందుకు తీసుకుపోతున్నావని అడిగాడు. ముసలిదానికి నోరుంది, నన్నే అడుగు, బేళ్ల లెక్క నాది అన్నాను. అతను నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా కొడుకు మొహంలోకి చూశాడు.

"మొన్న మసకల ఒక లారీ ఆపకుండ ఉరికింది. గిట్లనే చిన్న లారీ. నీదే గదా?"

సిద్దిరాములుకు అబద్ధం రాదని ముందే రాయించాను. ఇంకో లిప్త ఆగితే నిజం వాడి మొహం మీద రాసి ఉండేది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. భయంతో వచ్చిందో ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"ఇది ఉరికిందా?" అన్నాను. "బిడ్డా, సైకిలోడు దాటిపోయిండు మమ్ముల. నమ్మకపోతె ఎక్కి తోలు. ఉరికిచ్చినవంటె లారీ నీకే ఇడిసిపెట్టి నడిసిపోత."

అన్నాక తెలిసింది ఏమన్నానో.

అతను తుపాకీ పక్కవాడికి ఇచ్చాడు. దిగండి అన్నాడు. మేము దిగాం. ఏం చేస్తాం? అతను మా చోట్లో కూర్చున్నాడు, బండిని చుట్టు తిప్పాడు, వచ్చిన దారినే వరంగల్ వైపు తోలుకుపోయాడు. వెనక బేళ్ల నడుమ శకుంతల, ఇద్దరు పిల్లలు.

రోడ్డు మీద నిలబడ్డాం, నేనూ నా కొడుకూ. మిగిలిన ముగ్గురు బీడీలు ముట్టించారు. ఇంజను అరుపు దూరమవుతున్నది. అతను బలంగా తొక్కుతున్నాడు, అది మొత్తుకుంటున్నది. చంకపిల్ల ఏడిస్తే వినపడకుండా ఆ మొత్తుకోలు కప్పేస్తుంది అనుకున్నాను. అంతలోనే మలుపు దగ్గర ఇంజను ఆగిపోయింది.

ఎక్కడో గొర్రెల అరుపు. మూటలు తీస్తున్నాడు అనుకున్నాను. చెక్క లేపుతున్నాడు. పిల్ల మొహం చూశాడు. నా కొడుకు చెయ్యి దొరకబుచ్చుకున్నాను. పరుగెత్తుదామా అవ్వా అని వాడు పెదవి కదపకుండా అన్నాడు. వద్దన్నట్టు వేలు నొక్కాను. వాళ్లను వదిలి ఎక్కడికి పరుగెత్తుతాం?

మళ్లీ ఇంజను మొదలైంది. బండిని మళ్లీ ఇటు తిప్పుతుంటే ఆగిపోయిందట, అంతే. దుమ్ములోంచి బండి వచ్చింది, నెమ్మదిగా, అరుచుకుంటూ. బీడీ తాగేవాళ్లు దాన్ని చూసి పగలబడి నవ్వారు. అతను చెమట తుడుచుకుంటూ దిగాడు.

"ఇదేం లారీర? దున్నపోతు నయం దీనికన్న. కార్ ఇంజన్ వెట్టి రోడ్ రోలర్ ఇరుసేసినవా?"

"దొరికింది బిగించిన సాబ్," అన్నాడు సిద్దిరాములు.

ఒకడు తుపాకీ గొట్టంతో బేళ్లను రెండు చోట్ల పొడిచాడు. నూలు తెగుతది బిడ్డా, జర మెల్లగ అన్నాను. దుంగ ఎత్తారు. నేను ఎక్కబోతుండగా ఆ లావుపాటి మనిషి వెనక ఇరుసు దగ్గర వంగాడు. ఉబ్బు చుట్టూ ఇంకా కొత్తగా మెరుస్తున్న గ్రీసును వేలితో తీశాడు. చూశాడు. మోటారు పని తెలిసినవాడు కదా. లేచి వచ్చి, ఆ వేలిని నా కొడుకు అంగీ మీద నిదానంగా తుడిచాడు. "పో," అన్నాడు.

ఘన్‌పూర్ దాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను, ఆ నల్ల కారు వస్తుందేమోనని.

స్టేషన్ వెనక తుమ్మల చాటున చెక్క లేపాం. శకుంతల తన కొంగు తానే నోట్లో కుక్కుకుని ఉంది. రెండు చేతులతో ఇద్దరు పిల్లల నోళ్లూ మూసి ఉంది. చిన్నదాని బుగ్గల మీద ఆమె వేళ్ల అచ్చులు పడ్డాయి. నన్ను చూసింది. నేను నవ్వబోయాను, గండం గడిచిందమ్మా అన్నాను. ఆమె కళ్లు చూశాక నాకు అర్థమైంది. లోపల చీకట్లో ఆమెకు వినపడింది నా నవ్వు. ఎక్కి తోలు, లారీ నీకే ఇడిసిపెడ్త అన్నది వినపడింది. తర్వాత బండి తిరిగింది, వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఆమె ఏమనుకుంటుంది? నీళ్ల చెంబు ఇస్తే తీసుకోలేదు. నా చేతికి తగలకుండా పిల్లను లాక్కుంది. సిద్దిరాములు ఏదో చెప్పబోయాడు, రైలు వచ్చేసింది. వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కింది. ఈ వయసు దాకా చాలా మాటలు పడ్డాను. ఆ మాటలేని చూపు ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు ఇంటి సంగతి. పాత జోడు వేయించుకుంటావా, యాదగిరిని వెతికిస్తానన్నాను. వద్దన్నాడు నా కొడుకు. ఉరికే బండి అనుమానం తెస్తుంది, ఈ ఇరుసే ఉండనీ, నువ్వు ముందు సీటులో ఉండు అన్నాడు. ఎల్లుండి మళ్లీ పోతున్నాం. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. అతను మళ్లీ అక్కడే ఉంటాడు. ఇరుసు మొన్ననే మార్చారని ఆ గ్రీసును బట్టి అతనికి అర్థమైందా లేదా, అర్థమయ్యీ వదిలాడా, రెండోసారి కోసం దాచుకున్నాడా, నాకు తెలియదు. అన్నం ముందు కూర్చుంటే నా కొడుకు అంగీ మీది ఆ నల్ల మరక కనబడుతుంది. అనసూర్య రెండుసార్లు ఉతికింది, పోలేదు. మీ ఇద్దర్ని తోలి నేనొక్కదాన్నే దర్వాజ కాడ కూసోవాల్నా అత్తమ్మా అని ఇప్పుడే అడిగింది. అది కూడా రాయమన్నాను.

మొదటి ఉత్తరంలో వాణ్ని ఆపమని నిన్ను బతిమాలాను. ఇప్పుడు వాడికి ఏమీ రాయకు. నీకు ఒకటే పని చెబుతున్నాను. శకుంతల ఇద్దరు పిల్లలతో మీ షోలాపూర్ వచ్చింది, మనవాళ్ల వాడలోనే ఎక్కడో తల దాచుకుని ఉంటుంది. వెతుకు. మిల్లుకు నాగా పెట్టి అయినా వెతుకు. ఆమె ముందు కూర్చుని చెప్పు: ముందు సీటులో నవ్విన ముసలిది నిన్ను అమ్మలేదమ్మా, బండి తిరిగి వచ్చేదాకా రోడ్డు మీద కొడుకు చెయ్యి పట్టుకుని వణుకుతూ నిలబడింది, నిన్ను వదిలి పారిపోలేదు అని. ఆమె నమ్మిందో లేదో రాయించు. నేను ఇంటికి తిరిగివస్తే చదివించుకుంటాను. రాకపోతే అనసూర్య చదువుకుంటుంది.

లచ్చవ్వ, వేలిముద్ర.